సెల్‌ఫోను సాక్ష్యము

మామిడి కాపు దిగు దినములలో నూజివీడు ప్రాంతమున రాత్రికిని పగటికిని భేదము తక్కువ. ముసునూరు మొదలగు గ్రామములలో చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి కాయలు కోతకు వచ్చినది మొదలు తోటలలో కాపలాదారులు మేలుకొనియుందురు. కౌలుదారులు ధరవరలు విచారించుచుందురు. కూలీలు తెల్లవారకమున్నే బయలుదేరుదురు. సరకు విజయవాడకు చేరువనున్న నున్న మార్కెట్టునకు సాగిపోవుచుండును. ఈ జనులలో సెల్‌ఫోను లేనివాడు నేడు అరుదు. 1995 జులై 31వ తేదీని కలకత్తానుండి ఢిల్లీకి మన దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ జరిగినప్పుడు అది మంత్రుల చేతిలోని వింతవస్తువు. మూడు దశాబ్దములు గడచునప్పటికి అది నూటపది కోట్లకు పైబడిన కనెక్షన్లుగా దేశమంతట వ్యాపించినది. తోటకాపరి మొలలోనికిని వచ్చి చేరినది.

ఈ యంత్రము యజమానుని సేవించుచునే అతని దినచర్యను వ్రాసికొనుచుండును. ఎవరితో ఎప్పుడు మాటలాడెనో, ఎంతసేపు మాటలాడెనో, ఏ టవరు నీడన నుండెనో, ఏ చిత్రమును తీసెనో, ఎవరికి రూపాయి పంపెనో, అన్నియు దానిలోనో, దాని కంపెనీ లెక్కలలోనో నిలిచియుండును. కావుననే దొంగతనము జరిగినను, కొట్లాట జరిగినను, హత్య జరిగినను పోలీసులు నేడు మొట్టమొదట అడుగునది ఫోను. పూర్వము గ్రామములో నేరము జరిగినప్పుడు పోలీసులు సాక్షులకై వెదకెడివారు. ఇప్పుడు సాక్షి ముద్దాయి జేబులోనే దొరకుచున్నది. ఈ సాక్షి మాటను న్యాయస్థానములు ఎంతవఱకు నమ్మవలెను, ఏ నియమములతో నమ్మవలెను అనునది ప్రతి గ్రామస్థునికి సంబంధించిన ప్రశ్న. ఇది న్యాయవాదులకును పోలీసులకును మాత్రమే విడిచివేయదగినది కాదని మేము తలంచుచున్నాము.

ప్రమాణములు

సాక్ష్యవిచారణ మన దేశమునకు క్రొత్తది కాదు. లిఖితము, భుక్తి, సాక్షులు అను మూడు ప్రమాణములను యాజ్ఞవల్క్యస్మృతి పేర్కొనినది. దానికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను కేతన పదుమూడవ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగుచేసెను. లిఖితము ఉన్నంతమాత్రమున అది ప్రమాణము కాదనియు, అది ఎవరు వ్రాసినది, ఎవరి సమక్షమున వ్రాసినది, దానిలో దిద్దుబాట్లు కలవా యని చూడవలెననియు మన పూర్వులకు తెలియును.

చరిత్రకారులు చేయు పనియు ఇట్టిదే. కాకతీయ రాజ్యము కూలిన పిమ్మట తెలుగుదేశమున స్వాతంత్ర్యమును నిలిపిన ముసునూరి నాయకుల యింటిపేరు ఈ ముసునూరునుండియే వచ్చినదని పలువురు చెప్పుదురు. ఆ వంశమువాడైన ప్రోలయనాయకుని గుఱించి మనకు తెలిసినదానిలో ముఖ్యభాగము విలస తామ్రశాసనమునుండి తెలిసినది. రాగిరేకు దొరకినంతనే పండితులు దానిని నమ్మలేదు. లిపిని, భాషను, వంశక్రమమును ఇతర శాసనములతో పోల్చి చూచిరి. మన దేశమున కూటశాసనములును కలవని వారెఱుగుదురు. సుమారు ఏడువందల సంవత్సరముల నాటి దానమును నమ్ముటకే ఇంత పరీక్ష కావలసినప్పుడు, బ్రతికియున్న మనుష్యుని చెఱసాలకో ఉరికంబమునకో పంపగల లిఖితమునకు ఎంత పరీక్ష కావలెనో పాఠకులే ఊహింతురు గాక.

చట్టము నడచిన దారి

ఇంగ్లీషువారి కాలమున జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెను రచించిన 1872 సంవత్సరపు సాక్ష్యచట్టము కాగితమును, కలమును, కన్నులను ఉద్దేశించినది. యంత్రములు వ్రాయు లిఖితముల కొఱకు 2000 సంవత్సరమున సమాచార సాంకేతిక చట్టముతోపాటు 65-బి అను సెక్షను దానిలో చేర్చబడినది. యంత్రమునుండి తీసిన నకలును కోర్టులో పెట్టువాడు, ఆ యంత్రము సక్రమముగా పనిచేయుచుండెననియు, నకలు దానినుండియే తీయబడినదనియు బాధ్యతగల వ్యక్తి సంతకముతో ఒక సర్టిఫికెట్టు దాఖలుచేయవలెనని ఆ సెక్షను సారాంశము.

ఈ సర్టిఫికెట్టు కథ విచిత్రముగా నడచినది. 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై జరిగిన దాడి కేసులో ఫోను సంభాషణల పట్టికలు ముఖ్యసాక్ష్యములలో ఒకటి. సర్టిఫికెట్టు లేకున్నను వానిని ఇతర సెక్షనుల క్రింద అంగీకరింపవచ్చునని 2005లో సుప్రీముకోర్టు చెప్పెను. 2014 సెప్టెంబరులో, కేరళ ఎన్నికల వివాదమునకు సంబంధించిన అన్వర్ కేసులో, అదే కోర్టు ఆ అభిప్రాయమును త్రోసివైచి, సర్టిఫికెట్టు లేనిదే నకలు చెల్లదనెను. 2018లో వేఱొక కేసున ఆ నియమమును సడలించెను. 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు సడలింపును రద్దుచేసి 2014 నాటి నియమమునే నిలువబెట్టిరి. సర్టిఫికెట్టు ఇయ్యవలసినవాడు నిరాకరించినచో కోర్టునాశ్రయించి తెప్పించుకొనవచ్చుననియు వారు చెప్పిరి. పదునైదేండ్లలో నియమము నాలుగు మలుపులు తిరిగినది. ఆ మలుపులలో నలిగిన కక్షిదారులకు కలిగిన కష్టము చట్టగ్రంథములలో కనబడదు.

2024 జులై 1వ తేదీనుండి పాత సాక్ష్యచట్టమునకు బదులు భారతీయ సాక్ష్య అధినియమము అమలునకు వచ్చినది. దాని 63వ సెక్షను పాత 65-బి స్థానమును ఆక్రమించినది. క్రొత్త సర్టిఫికెట్టునకు రెండు భాగములు. మొదటిది సాక్ష్యము నిచ్చువాడు వ్రాయునది, రెండవది నిపుణుడు వ్రాయునది. నకలుయొక్క హాష్ విలువను అందు చూపవలెను. ఈ హాష్ విలువ యననేమో సామాన్యునికిని తెలియుట అవసరము. సమాచారమంతటిని ఒక గణితసూత్రముగుండ నడిపినచో అంకెలును అక్షరములును గల ఒక చిన్న వరుస వచ్చును. మూలములో ఒక్క చుక్క మారినను ఆ వరుస పూర్తిగా మారిపోవును. పోలీసులు నకలు తీసిననాడు వచ్చిన వరుసయు, కోర్టులో విప్పిననాడు వచ్చిన వరుసయు ఒక్కటైనచో నడుమ నెవరును దానిని ముట్టలేదని నమ్మవచ్చును. ఇది లక్కముద్రవంటిది, అంతకంటె గట్టిది.

అయితే ముద్ర వేయబడినది సంచికేగాని, సంచిలోని సరకునకు కాదు. హాష్ విలువ నకలు తీసిన క్షణమునుండి మాత్రమే కాపలాకాయును. అంతకు పూర్వమే ఎవరైన దొంగచాటుగ లోపల ఏదైన పెట్టియుండినచో దానిని అది చెప్పజాలదు. భీమా కోరెగాం కేసులో ఒక ముద్దాయి కంప్యూటరులోనికి చెడు ప్రోగ్రాముద్వారా దూరమునుండి పత్రములు చొప్పింపబడినవని అమెరికా నిపుణసంస్థ యొకటి 2021 ఫిబ్రవరిలో నివేదించినది. ఆ నివేదిక సత్యాసత్యములను నిర్ణయింపవలసినది న్యాయస్థానము. కాని అట్టి ప్రశ్న పుట్టుటయే మనకొక హెచ్చరిక.

ఫోను నోరువిప్పు విధము

ఫోను సాక్ష్యము మూడు చోట్లనుండి వచ్చును. మొదటిది కంపెనీవారి లెక్కపుస్తకము. ఏ నెంబరునుండి ఏ నెంబరునకు, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవరుద్వారా అను వివరములు దానిలోనుండును. మాటలాడిన మాటలు అందుండవు. రెండవది ఫోను కడుపులోని సమాచారము. సందేశములు, చిత్రములు, చిరునామాలు, తుడిచివేసినను పూర్తిగా చెఱగిపోని శేషములు ఇందు చేరును. మూడవది దూరదేశములందలి గూగుల్ మొదలగు సంస్థల యంత్రములలో నిలిచియుండు సమాచారము. ఈ మూటికిని మూడు విధముల బలము, మూడు విధముల దౌర్బల్యము కలవు.

ఫోను పోలీసుల చేతికి చిక్కిన క్షణమునుండి కాలముతో పందెము ప్రారంభమగును. అది వెలుగుచున్నంతసేపు సందేశములు వచ్చుచునేయుండును. దూరముననున్న వాడు దానిలోని సర్వస్వమును తుడిచివేయుటకును వీలుకలదు. అందుచేత తెలిసిన అధికారి దానిని వెంటనే లోకసంబంధమునుండి వేఱుచేసి, తరంగములు చొరని సంచిలో నుంచును. దానిని ఆర్పివేయుటయు ఒక్కొక్కప్పుడు నష్టమే. ఏలయన నేటి ఫోనులలో సమాచారము గూఢలిపిలో దాచబడియుండును. ఒకసారి తాళము తీసి వెలుగుచున్న ఫోనునుండి దొరకునంత సమాచారము, ఆర్పి మరల వెలిగించి తాళము తీయని ఫోనునుండి దొరకదు. తెలియనివాడు ఫోనును చేతబట్టి ఆతురతతో సందేశములు త్రిప్పిచూచినచో, చూచిన గుర్తులును దానిలో చేరును. రేపు కోర్టులో ముద్దాయి పక్షపు న్యాయవాది ఆ గుర్తులను చూపి సాక్ష్యమంతటిని అనుమానింపజేయగలడు.

ప్రతి ఫోనుకును పదునైదంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య యొకటి కలదు. స్టారు, హాష్, సున్న, ఆఱు, హాష్ నొక్కినచో అది తెరపై కనబడును. పంచనామాలో ఈ సంఖ్య వ్రాయకుండ నల్లఫోను ఒకటి, పగిలిన తెరగల ఫోను ఒకటి అని వ్రాయుట, పశువుల సంతలో ఎఱ్ఱయెద్దు ఒకటి యని వ్రాసినట్లే యగును. ఆ యెద్దు ఏ యెద్దో తరువాత నెవరు చెప్పగలరు?

టవరు చెప్పునది, చెప్పనిది

టవరు లెక్కలను గుఱించి ప్రజలలోను, కొన్నియెడల విచారణాధికారులలోను భ్రాంతి యొకటి కలదు. ఫోను ఫలాని టవరు క్రింద నుండెను గావున మనుష్యుడు ఫలాని చోటనే యుండెనని వారు తలంతురు. ఇది పొరపాటు.

ముసునూరు మండలములో ఒక తోటలో రాత్రి పదునొకండు గంటలకు హత్య జరిగినదనుకొందము. ఆ వేళ ఆ టవరు పరిధిలోనున్న ఫోనులన్నిటి పట్టికను పోలీసులు కంపెనీనుండి తెప్పింతురు. అందు ఒక కోతకూలి నెంబరుండును. పల్లెపట్టున ఒక టవరు పరిధి కొన్ని కిలోమీటర్లు వ్యాపించియుండుట సామాన్యము. కూలి నిదురించిన పాకయు, హత్య జరిగిన తోటయు ఒకే టవరు క్రిందనుండిన, ఆ పట్టిక చెప్పునది అతడు తన యూరిలో నుండెననుమాత్రమే. అది నేరము కాదు. సామాన్యముగా టవరునకు మూడు దిక్కుల మూడు విభాగములుండును. ఆ విభాగమును చూచినచో కొంత సన్నని హద్దు తెలియునుగాని, తోటలోని చెట్టు తెలియదు. ఫోను ఎల్లప్పుడును దగ్గఱి టవరునకే తగులుకొనదు. అడ్డముననున్న మెట్టలు, దట్టమైన చెట్లు, టవరుపై పడిన భారము, ఇవన్నియు దానిని దూరపు టవరునకు త్రోయగలవు. లెక్కలో సామాన్యముగా సంభాషణ ప్రారంభించినప్పటి టవరు, ముగించినప్పటి టవరు కనబడును. ఫోను మౌనముగానున్న గంటలలో అది ఎచ్చటనుండెనో ఆ పట్టిక చెప్పదు.

అయినను టవరు సాక్ష్యము నిష్ప్రయోజనమని మేము చెప్పము. అదే కూలి తాను ఆ రాత్రి విజయవాడలో నుంటినని పోలీసులకు చెప్పి, అతని ఫోను ముసునూరు టవరు క్రింద పలికియుండినచో, అప్పుడా లెక్కకు బలము వచ్చును. టవరు లెక్క మనుష్యుని చోటును సూదిమొనతో చూపజాలదు. మనుష్యుని అబద్ధమును మాత్రము చక్కగా పట్టుకొనగలదు. అట్లే నిర్దోషిని రక్షించుటలోను దానికి గొప్ప శక్తి కలదు. హత్యవేళ నూఱు కిలోమీటర్ల దూరమున తాను మాటలాడుచుంటినని చూపుటకు పేదవానికి ఇంతకంటె మంచి సాక్షి దొరకదు.

డెన్మార్కు దేశమున జరిగినది ఇచట స్మరింపదగినది. కంపెనీల లెక్కలను పోలీసులకు అనువుగా మార్చు యంత్రప్రోగ్రాము కొన్ని వివరములను జాఱవిడిచినదనియు, కొన్ని ఫోనులను కాని టవరులకు అంటగట్టినదనియు 2019లో తేలినది. ఆ దేశపు ప్రాసిక్యూషను అధికారి రెండునెలలపాటు ఫోను లెక్కలను కోర్టులలో వాడుట నిలిపివేసెను. 2012 నాటినుండి జరిగిన పదివేలకు పైబడిన కేసులను పునఃపరీక్షింపవలసివచ్చినది. ధనమును, విద్యయు, యంత్రనైపుణ్యమును గల చిన్నదేశమున నట్లు జరిగినచో, తప్పు జరుగదని మనమెట్లు నిశ్చింతగా నుండగలము? డెన్మార్కువారు తప్పును కప్పిపుచ్చక బయటపెట్టిరి. మనము నేర్చుకొనవలసినది ముఖ్యముగా అదియే.

గడియారపు చిక్కు

మన తెలుగునాటనే కాలమును గుఱించిన ప్రశ్న యొకటి ప్రసిద్ధకేసున తలయెత్తినది. మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డిగారు 2019 మార్చి 15న పులివెందులలోని తమ యింట హతులైరి. ఆ కేసు దర్యాప్తు సి.బి.ఐ.కి చేరెను. 2022 నవంబరులో సుప్రీముకోర్టు విచారణను హైదరాబాదునకు మార్చెను. దర్యాప్తులో గూగుల్ సంస్థనుండి వచ్చిన స్థలకాలముల లెక్కలకు ప్రాధాన్యము కలిగినది. ఆ లెక్కలలోని గంటలు విశ్వకాలమానమున నున్నవా, భారతకాలమానమున నున్నవా యనునది వాదవివాదములకు కారణమైనది. రెంటికిని నడుమ అయిదున్నర గంటల యంతరము. లెక్కలో రాత్రి రెండున్నర అని యున్నది విశ్వకాలమానమైనచో మనకు అది ఉదయము ఎనిమిది గంటలు. అర్ధరాత్రివేళ ఒక యింటనుండుటకును, తెల్లవారి పదిమందితోపాటు ఆ యింటనుండుటకును ఎంత భేదమున్నదో చెప్పనక్కఱలేదు. ఆ కేసులో ఎవరు దోషులో, ఎవరు నిర్దోషులో చెప్పుట మా పని కాదు, అది న్యాయస్థానముది. కాని ఒక అంకె ప్రక్క కాలమానము పేరు వ్రాయుట, వ్రాయకపోవుట మనుష్యుని జీవితమును తలక్రిందులు చేయగలదని యీ వివాదము లోకమునకు చాటినది.

ఫోను పలికినది, పలికినవాడెవడు?

మఱియొక విషయము. ఫోను పలికినదని ఋజువైనను, దానిని పట్టుకొన్నవాడెవడో వేఱుగ ఋజువుకావలెను. మన యిండ్లలో ఒక ఫోనును తండ్రి, కొడుకు, కోడలు వాడుకొందురు. తోటలలో కాపరి ఫోను కూలీలందఱి చేతులు మాఱును. సిమ్ కార్డు ఒకరి పేర నుండగా వాడునది మఱియొకరు. ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను మార్చువారును కలరు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టము అట్టివారికి మూడేండ్ల వఱకు ఖైదును, యాబదిలక్షల రూపాయల వఱకు జుల్మానాను విధించినదన్న, ఆ మోసము జరుగుచున్నదనియే యర్థము. పరిస్థితులనుబట్టి చేయు నేరనిర్ణయమున గొలుసులోని ప్రతి కడియు ఋజువై, ముద్దాయి తప్ప మఱియొకడు చేసియుండుటకు వీలులేదని తేలవలెనని 1984లో శరద్ శార్దా కేసులో సుప్రీముకోర్టు స్థిరపఱచినది. ఫోను ఆ గొలుసులో ఒక కడి మాత్రమే. దానినే గొలుసుగా భావించు అలవాటు విచారణాధికారులలో పెరుగకుండవలెను.

సక్రమముగా సేకరించి, ఇతరసాక్ష్యములతో ముడివేసినచో దాని శక్తి అపారము. 2008 నవంబరులో బొంబాయిపై దాడిచేసిన హంతకులకును, సముద్రమునకు ఆవలనుండి వారిని నడపినవారికిని నడచిన ఫోను సంభాషణలు రికార్డుచేయబడినవి. 2012 ఆగస్టులో కసబు శిక్షను ఖాయపఱచుచు సుప్రీముకోర్టు ఆ సంభాషణలను సవిస్తరముగ పరిశీలించినది. అర్ధరాత్రి అసభ్యసందేశములతో వేధింపబడు బాలికకు, మాయమాటలకు లోబడి పంట డబ్బు పోగొట్టుకొన్న రైతుకు, వారి ఫోనులోని అక్షరములే నేడు ఆధారము. మోసపోయినవారికొఱకు 1930 అను నెంబరు నేర్పఱచినదియు అందుకే. ఫోను సాక్ష్యమే వలదనువారు ఈ దుర్బలులకు అన్యాయము చేసినవారగుదురు.

స్వేచ్ఛ మాట

ఇక పౌరుని స్వేచ్ఛ. పరప్రభుత్వమువారు 1885 తంతి చట్టముతోను, 1898 తపాలా చట్టముతోను మన జాబులను విప్పి చదువు అధికారమును తమ చేతనుంచుకొనిరి. నాడు దేశసేవకుల యిండ్లలో సోదా జరిగినప్పుడు పట్టుకొనిపోయినవి ఒక పెట్టెడు కాగితములు. నేడు ఒక్క ఫోనును పట్టుకొనిపోయినచో ఆ యింటివారి పదేండ్ల బ్రతుకును, బంధుమిత్రుల గుట్టును, వైద్యుని చీటీని, బ్యాంకు లెక్కను అన్నిటిని ఒక్కసారిగ పట్టుకొనిపోయినట్లే. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగ ఏకాంతతను ప్రాథమికహక్కుగా ప్రకటించిరి. అయినను ఫోనును శోధించుటకు ప్రత్యేకమైన హద్దులను మన శాసనములు స్పష్టముగ గీయలేదు. అమెరికా సుప్రీముకోర్టు 2014లో, అరెస్టయినవాని ఫోనును వారంటు లేక వెదకరాదనినది. 2018లో, అతని సంచారపు లెక్కలకును సామాన్యముగా వారంటు కావలెననినది. మన నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షను ప్రకారము స్టేషనధికారి వ్రాతపూర్వకమైన ఉత్తరువుచేతనే వీనిని తెప్పించుకొనవచ్చును.

తాళపుసంఖ్యను చెప్పుమని ముద్దాయిని బలవంతపెట్టవచ్చునా? రాజ్యాంగము 20వ అధికరణము మూడవ ఉపవాక్యము తనకు తానే వ్యతిరేకముగ సాక్ష్యమిచ్చుమని ఎవరిని నిర్బంధింపరాదనుచున్నది. వ్రేలిముద్రలు, చేవ్రాలు అట్టి సాక్ష్యము కావని 1961లో పదునొకండుగురు న్యాయమూర్తులు చెప్పిరి. మత్తుమందులిచ్చి మాటలు రాబట్టుట నిర్బంధమేయని 2010లో సెల్వి కేసున తేలినది. తాళపుసంఖ్య ఈ రెంటి నడుమ నున్నది. దానిని అడుగుట ఆ నిషేధమునకు లోబడదని 2021లో కర్ణాటక హైకోర్టు అభిప్రాయపడగా, బలవంతముగ రాబట్టరాదని 2022లో ఢిల్లీలోని సి.బి.ఐ. ప్రత్యేకకోర్టు చెప్పెను. మనస్సులోని సంఖ్య మనస్సులోని మాటయే యని మా యభిప్రాయము. పోలీసులకు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని మన చట్టము నూటయేబదేండ్లుగా చెప్పుచున్నది. దెబ్బలకు వెఱచి నేరము నొప్పుకొనిన మాట చెల్లనప్పుడు, దెబ్బలకు వెఱచి చెప్పిన సంఖ్యతో తెఱచిన ఫోను మాత్రమెట్లు నిష్కళంకమగును? పాత్రికేయుల ఫోనులను పట్టుకొనుటను గుఱించిన కేసున, ఇందుకు మార్గదర్శకములుండవలెనని 2023 నవంబరులో సుప్రీముకోర్టు కేంద్రప్రభుత్వమునకు సూచించెను. ఆ రక్షణ పాత్రికేయులకేగాక మామిడితోట కూలికిని దక్కవలెను.

చేయవలసిన పనులు

మేము కోరునవి అసాధ్యములైనవి కావు. మొదటిది, ఫోనును పట్టుకొన్నప్పుడే ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య, అది వెలుగుచుండెనో ఆఱియుండెనో, ఏ గంటకు పట్టుకొనిరో తెలుగులో వ్రాసిన రసీదు యజమానునకు చేతికియ్యవలెను. సోదాను చిత్రసహితముగ రికార్డుచేయవలెనని నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను ఆజ్ఞాపించుచున్నది. ఆ రికార్డు ఆలస్యము లేక మేజిస్ట్రేటునకు చేరవలెను. రెండవది, నకలు తీసిన వెంటనే హాష్ విలువను ముద్దాయికిని తెలియజేసి, ఆ నకలును అతని న్యాయవాది పరీక్షించుకొనుటకు వీలు కల్పింపవలెను. మూడవది, కోర్టులో దాఖలగు ప్రతి పట్టికలోను కాలమానము పేరు, టవరు విభాగము, దాని పరిధిపటము ఉండితీరవలెను.

నాలుగవది లెక్కలను భద్రపఱచుట. 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వము కంపెనీలు సంభాషణల లెక్కలను దాచవలసిన గడువును ఒక సంవత్సరమునుండి రెండు సంవత్సరములకు పెంచినది. కేసులు రెండేండ్లకంటె ఎక్కువకాలము నడచుట మన కోర్టులలో సామాన్యము. ప్రాసిక్యూషను తనకు కావలసిన లెక్కలను మొదటనే తెప్పించుకొనును. తన నిర్దోషత్వమును చూపు లెక్క కంపెనీలో నున్నదని ముద్దాయికి తెలియునప్పటికి అది చెఱగిపోవును. కావున ఛార్జిషీటు దాఖలు కాకమున్నే ముద్దాయి కోరిన లెక్కలను భద్రపఱచుమని మేజిస్ట్రేటులు ఆజ్ఞాపింపవలెను. కేసులకు సంబంధించిన కాలపు లెక్కలను వేఱుగ దాచవలెనని 2020 తీర్పులో సుప్రీముకోర్టు కంపెనీలకిచ్చిన ఆదేశము దీనికి చక్కని ఆధారము.

అయిదవది పేదవానికి నిపుణుడు. రాజ్యాంగము 39-ఎ అధికరణమును, 1987 న్యాయసేవాధికారసంస్థల చట్టమును పేదవానికి ఉచితముగ న్యాయవాదినిచ్చుచున్నవి. కాని ప్రభుత్వపక్షమున ప్రయోగశాల, నిపుణుడు, యంత్రములు నిలిచియుండగా, ముద్దాయి పక్షమున ఒక న్యాయవాది మాత్రము నిలుచుట సమానయుద్ధము కాదు. నిపుణుని అడ్డసవాలు చేయుటకు మఱియొక నిపుణుడు కావలెను. న్యాయసేవాసంస్థలు అట్టివారి జాబితాను జిల్లాలవారీగ సిద్ధపఱచినచో, 2022 ఏప్రిల్ 4న క్రొత్తగ నేర్పడిన ఏలూరు జిల్లావంటి చోట్లను పేదవానికి దిక్కు దొరకును. ఏడేండ్లు గాని అంతకుమించి గాని శిక్షగల నేరములలో నిపుణులు నేరస్థలమునకు రావలెనని 176వ సెక్షను చెప్పుచు, రాష్ట్రములకు అయిదేండ్ల వఱకు గడువిచ్చినది. ప్రయోగశాలలును, శిక్షితులును పెరుగనిదే అది కాగితముమీది మాటగ మిగులును.

ఆఱవది ఫోనును తిరిగియిచ్చుట. ఇది చిన్నమాటవలె తోచును, చిన్నది కాదు. నేటి కూలికి ఫోను బ్యాంకు, ఫోను రేషను, ఫోను ఆధారు సందేశము, ఫోను పని పిలుపు. కోతల కాలమున ఒక్కనెల ఫోను లేనివాడు ఒక్కనెల కూలి లేనివాడే. ఫోనును పోగొట్టుకొన్న ఫిర్యాదిని, సాక్షినిగూడ నెలలతరబడి త్రిప్పుట వలన గ్రామస్థులు సాక్ష్యమునకే వెఱచుచున్నారు. పట్టుకొన్న వస్తువులను అనవసరముగ స్టేషనులలో మ్రగ్గనీయరాదని 2002లో సుందర్‌భాయి దేశాయి కేసులో సుప్రీముకోర్టు చెప్పెను. క్రొత్త సంహిత 497వ సెక్షను పట్టికకు పదునాలుగు దినములును, ఆ పిమ్మట తీర్మానమునకు ముప్పది దినములును గడువు పెట్టినది. ముద్రితమైన నకలు కోర్టు చేతనుండగా, సాక్షి ఫోనును అతనికి తిరిగియిచ్చుటకు అభ్యంతరమేమి?

ఫోను అబద్ధమాడదని కొందఱందురు. ఆ మాట నిజమైనను, దాని పలుకులకు అర్థము చెప్పునది మనుష్యుడే. తొందరపాటుగల అధికారి, తెలియని న్యాయవాది, పట్టిక చూచి తృప్తిపడు న్యాయాధికారి, వీరి నడుమ మూగసాక్షిచేత ఏ మాటనైనను పలికింపవచ్చును. శ్రద్ధగల అధికారి, తెలిసిన న్యాయవాది, ప్రశ్నించు న్యాయాధికారి యున్నచో అదే మూగసాక్షి దోషిని పట్టియిచ్చును, నిర్దోషిని విడిపించును. యంత్రములు కొనుటకు ధనము కావలెను. ప్రశ్నించు అలవాటునకు ధనము అక్కఱలేదు. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల న్యాయవాదసంఘములు, పోలీసు శిక్షణాలయములు, న్యాయాధికారులు ఆ యలవాటును పెంపొందింతురు గాక. సందేహఫలము ముద్దాయిది అను ధర్మము కాగితపుసాక్ష్యమునకెట్లో తెరమీది సాక్ష్యమునకు నట్లే వర్తించును.